విన్నవాళ్ళ ఏడాది

రెండువేల పదో సంవత్సరం అయిపోవడానికి ఇంకా నాలుగు రోజులే మిగిలాయి. చేతికుట్టు గదిలో పన్నెండుమంది ఆడవాళ్ళు రెండు పొడుగాటి బల్లలకు అటూ ఇటూ కూర్చుని బడిపిల్లల చొక్కాలకు బొత్తాలు కుడుతున్నారు. పదమూడో ఆవిడ కుట్టడం లేదు. కిటికీ పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఆ రోజు పేపరు మోకాళ్ళ మీద పరుచుకుని పైకి చదువుతోంది. ఆమెను అందరూ పేపరక్క అంటారు.

మిషన్లన్నీ కింది అంతస్తులో ఉన్నాయి. ఆ రొద ఇక్కడికి నేల అదురుగా తప్ప రాదు. దారం గుడ్డలోంచి దూరి బయటికొచ్చే సరసర, ఇస్త్రీపెట్టె వదిలే ఆవిరి బుస, వాటి మధ్య పేపరక్క గొంతు.

"మంచు తుఫాను మూలంగా వేల విమానాలు నిలిచిపోయాయి. ప్రయాణికులు విమానాశ్రయంలోనే నేలమీద పడుకుని..."

"పెళ్ళింట్లో చుట్టాల్లాగా అన్నమాట," అంది కాజాల వదిన. బొత్తాం దూరే కాజా చేతితో కుట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. నోట్లో నువ్వుగింజ నానదు.

"దుప్పట్లు ఇచ్చారా లేదా, అది చదువు ముందు," అంది పెద్దమ్మ. డెబ్భైకి దగ్గర పడిన మనిషి, దారప్పోగులు కత్తిరించే పని. ఎడమ చెవి వినపడదు కనుక కుడిచెవి కిటికీవైపు ఉండేలా కూర్చుంటుంది. ఆమెకు ప్రపంచమంతా దూరపు బంధువులే.

తలుపు దగ్గర సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడని ఎవరూ చూడలేదు. అతను వచ్చి రెండు వారాలైంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఏం మాట్లాడినా చేతిగడియారం చూసుకుంటూ మాట్లాడతాడని ఆడవాళ్ళు అతనికి గడియారం అని పేరు పెట్టారు.

"ఏం జరుగుతోందిక్కడ?"

"మంచు కురుస్తోందండి," అంది కాజాల వదిన.

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గుగా మార్చుకున్నారు. సూపర్‌వైజరు నేరుగా స్టూలు దగ్గరికి వచ్చాడు.

"మీరేం పని చేస్తారు?"

"చదువుతానండి."

"రిజిస్టరులో మీ పేరుకెదురుగా బొత్తాలు అనుంది."

పేపరక్క కుడిచెయ్యి చాచింది. చూపుడువేలు, నడిమివేలు రెండు పుల్లల్లా నిటారుగా ఉన్నాయి. కింది అంతస్తులో బొత్తాలు బిగించే మిషన్లో నలిగినప్పటినుంచీ మడత పడవు. ఆ తర్వాతే ఈ పన్నెండుమందీ ఆమె వాటా చొక్కాలు తలా కొన్ని పంచుకుని కుట్టడం, ఆమె వాళ్ళకు చదవడం మొదలైంది. పాత సూపర్‌వైజరు చూసీ చూడనట్టు పోయేవాడు.

కొత్త సూపర్‌వైజరు ఆ వేళ్ళను ఒక్క క్షణం చూసి చూపు తిప్పుకున్నాడు. పేపరు తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు.

"శుక్రవారం సాయంత్రానికి చొక్కాలన్నీ లారీ ఎక్కాలి. సోమవారం బళ్ళు తెరుస్తారు. ఎవరి వాటా వాళ్ళే కుట్టాలి. ఒకరిది ఇంకొకరు ముట్టుకోకూడదు. మీ వాటా మీరు పూర్తి చెయ్యలేకపోతే..." గడియారం చూసుకున్నాడు. "కొత్త సంవత్సరంలో ఈ చోటికి ఇంకొకళ్ళను చూసుకోవాల్సి వస్తుంది."

"వేళ్ళు పోగొట్టుకుంది ఈ కంపెనీలోనేనండీ," అంది కాజాల వదిన, ఈసారి నవ్వకుండా.

"అదంతా నాకు తెలీదు."

పేపరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పేపరక్క స్టూలు దిగి, చీరకుచ్చిళ్ళు సర్దుకుని, బల్ల చివర ఖాళీ ఉన్నచోట కూర్చుంది. పక్కావిడ సూది అందించింది. పెద్దమ్మ గట్టిగా అడిగింది:

"ఇంతకీ దుప్పట్లు ఇచ్చారా?"

బుధవారమంతా పేపరక్క బొత్తాలు కుట్టింది. సూదిని బొటనవేలికీ ఉంగరం వేలికీ మధ్య ఇరికించి పట్టుకోవాలి. నాలుగు కన్నాల బొత్తాం. మొదటి కన్నంలోంచి పైకి, రెండోదాంట్లోంచి కిందికి, అక్కడిదాకా బాగానే వస్తుంది. మూడోదానికి బొత్తాం జారి నేలమీద దొర్లిపోతుంది. ఆమె వంగేలోగా పెద్దమ్మ కాలివేళ్ళతో దాన్ని ఇటు తోసేది. ఎవరూ తల ఎత్తేవాళ్ళు కాదు. తల ఎత్తితే జాలిపడ్డట్టు అవుతుందని వాళ్ళ భయం. మిగతావాళ్ళు ఎనిమిది చొక్కాలు ముగించే వ్యవధిలో ఆమెవి రెండయ్యేవి. అందులో ఒకటి వంకర.

చదువు లేకపోయేసరికి గది గదిలా లేదు. పది గంటలకు కత్తెర నాదంటే నాదని ఇద్దరు దెబ్బలాడుకున్నారు. పదకొండు గంటలకు కిటికీ తెరవాలా మూయాలా అన్నదాని మీద బల్ల బల్లంతా రెండు పార్టీలైంది. మధ్యాహ్నం పెద్దమ్మ కత్తెర చేతిలో పెట్టుకునే కునుకు తీసింది. తల వాలినప్పుడల్లా కత్తెర తనంతట తానే టక్కుమని మూసుకునేది. ఇన్నేళ్ళలో ఒక్క తప్పు కుట్టు వెయ్యని కాజాల వదిన వరసగా ఆరు చొక్కాలకు కుడివైపు కుట్టాల్సిన కాజాలు ఎడమవైపు కుట్టేసింది.

సూపర్‌వైజరు ఆ చొక్కాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ గదిలో తప్పులే ఉండవని చెప్పారే నాకు!"

"అప్పుడు చెవులకు పనుండేదండి," అంది కాజాల వదిన. "ఇప్పుడవి ఖాళీగా ఉండి చేతుల పనిలో వేలు పెడుతున్నాయి."

అతనికి ఆ మాట అర్థమైందో లేదో తెలియలేదు. కుట్లు విప్పి మళ్ళీ వెయ్యమని చెప్పి వెళ్ళాడు.

గురువారం పొద్దున పెద్దమ్మ పేపరక్క పక్కకు వచ్చి, కుడిచెవి ఆమె నోటి దగ్గర పెట్టింది. పెద్దమ్మ రహస్యం అడిగే పద్ధతే అది. తను మాత్రం గదంతా వినపడేలా మాట్లాడుతుంది.

"ఈసారి ఏడాది చదవవా?"

ఏటా ఆఖరి పనిదినాన, టీ తర్వాత, పేపరక్క ఆ ఏడాదిలో లోకంలో జరిగినవన్నీ మొదటినుంచీ చదివేది. రోజూ సాయంత్రం ఇంటికి వెళ్ళాక ఆ రోజు సంగతుల్లో ముఖ్యమైనదాన్ని ఒక్క వాక్యంగా నోటుబుక్కులో రాసుకునేది. ఆ వాక్యాలు చదవడానికి గంటకు పైనే పట్టేది. ఆ గంటలో ఎవరూ లేచి మంచినీళ్ళకైనా వెళ్ళేవాళ్ళు కాదు.

"అడిగి చూస్తాను," అంది పేపరక్క.

సూపర్‌వైజరు గది తలుపు తీసే ఉంది. అతను ఫోనులో మాట్లాడుతూ నిలబడి ఉన్నాడు. గదిలో ఒక్కడే ఉన్నా నిలబడే మాట్లాడుతున్నాడు. "అవునండి... లేదండి, ఆలస్యం అవదండి... నాదే బాధ్యతండి." నుదుటి మీద చెమట. బల్ల మీద మూత తియ్యని టిఫిను డబ్బా, దాని పక్కన మడత విప్పని పేపర్లు రెండు మూడు. ఫోను పెట్టేశాక కూడా కాసేపు అలాగే నిలబడ్డాడు.

పేపరక్క సంగతి చెప్పింది. ఒక్క గంట, రేపు మధ్యాహ్నం, అందరూ కుడుతూనే వింటారు.

"ఇందాకటి ఫోను విన్నారా? అట్లాంటివి పొద్దున్నుంచి ఆరు," అన్నాడు అతను. కేక వెయ్యలేదు, వేస్తే బాగుండేదనిపించింది ఆమెకు. "నా గదుల్లో ఎవరి చేతిలోనూ పేపరుగానీ పుస్తకంగానీ కనపడకూడదు. ఎవరూ ఏమీ చదవకూడదు. వెళ్ళండి."

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె భర్త కూరగాయలు తరుగుతున్నాడు. సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ పొద్దున పూట పడ్డ రోజుల్లో వంట అతనిది. వంకాయ ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండాలని పట్టుదల. భార్య వేలికొసల మీద సూదిపోట్లు చూసి కత్తి కింద పెట్టాడు.

"పోనీ మానెయ్. నేను లేనా?"

"మీరున్నారు సరే. వాళ్ళు లేరుగా మన ఇంట్లో," అంది ఆమె.

అతను తల ఊపి మళ్ళీ కత్తి తీసుకున్నాడు. ఇంకో వంకాయ తరిగి అన్నాడు: "చేతిలో పేపరు ఉండకూడదన్నాడు. పుస్తకం ఉండకూడదన్నాడు. నోట్లో మాట ఉండకూడదన్నాడా?"

"అనలేదు."

"మరింకేం? చూడకుండా చెప్పు. ఏడాదంతా చదివినదానివేగా."

ఆమె గోడవైపు తిరిగి మొదలుపెట్టింది. "జనవరిలో... భూకంపం వచ్చింది. చాలామంది పోయారు. తర్వాత..." ఆగింది. "తర్వాత ఏదో ఎత్తు భవనం... కాదు, అది ముందా?" మళ్ళీ ఆగింది. ఫిబ్రవరి ఖాళీ. మార్చి ఖాళీ. గుర్తు చేసుకోబోతే అక్షరాలు కనపడుతున్నాయి గానీ సంగతులు కనపడటం లేదు. ఫలానా పేజీలో ఎడమవైపు కింద చదివాననే జ్ఞాపకం తప్ప ఏం చదివిందో లేదు.

నిజంగానే భయం వేసింది.

"ఏమండీ, నాకేం గుర్తు లేదండీ. ఎనిమిదేళ్ళుగా చదువుతున్నాను. చదివింది చదివినట్టే జారిపోయింది, గొట్టంలోంచి నీళ్ళు పోయినట్టు."

"గొట్టమైనా తడవకుండా ఉంటుందా?" అన్నాడు అతను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది. పొద్దున బయల్దేరేటప్పుడు మళ్ళీ తీసి అలమరలో పెట్టేసింది. దానివల్ల మిగతావాళ్ళకు మాట రావడం ఎందుకు?

శుక్రవారం మధ్యాహ్నం టీ గ్లాసులు వెళ్ళిపోయాయి. లారీ వచ్చి వెనక గేటు దగ్గర ఆగింది. మిగతావాళ్ళ వాటాలు ముగింపుకు వచ్చాయి. పేపరక్క ముందు మాత్రం కుట్టాల్సిన చొక్కాలు ఇంకా మోచేతి ఎత్తున ఉన్నాయి. ఆమె తల వంచుకుని కుడుతోంది. ఇక లెక్క చూసుకోవడం మానేసింది. అయినన్ని అవుతాయి.

అప్పుడు కాజాల వదిన, చేతిలో పని మీదనుంచి కళ్ళు ఎత్తకుండానే, మామూలుగా అంది:

"జనవరిలో ఆ ఎడారి ఊళ్ళో నూట అరవై చిల్లర అంతస్తుల మేడ తెరిచారు."

గదిలో సూదులు ఒక్కసారి ఆగి మళ్ళీ కదిలాయి.

"అన్ని మెట్లు ఎవరు ఊడుస్తారని నేనడిగాను," అంది గోడవైపు కూర్చున్న ఒకావిడ.

"నర్సుల తెల్లకోట్లు కుడుతున్నాం అప్పుడు. ఆ తర్వాత వారమే హైతీలో భూమి కదిలింది." కాజాల వదిన గొంతు తగ్గింది. "మూడు రోజులు ఎవరమూ సరిగా మాట్లాడుకోలేదు. నేను కుడుతున్న కోటు కాలరు తడిసిపోతే ఇస్త్రీ అత్త ఆరబెట్టి ఇచ్చింది."

"ఆ పిల్లాడి సంగతి చెప్పు," అంది పెద్దమ్మ. ఎవరూ చెప్పేలోగా తనే అందుకుంది. "ఏడేళ్ళవాడు. ఎనిమిది రోజులు రాళ్ళ కింద. తిండి లేదు, నీళ్ళు లేవు. పైకి లాగితే వాడేం చేశాడు? రెండు చేతులూ ఇట్లా చాచి నవ్వాడు!" కత్తెర ఒక చేత, చొక్కా ఒక చేత పట్టుకుని పెద్దమ్మ చేతులు చాచింది. పక్కావిడ కత్తెరకు దొరక్కుండా వెనక్కి వాలింది.

"ఆ చోట అక్క ఆగింది," అంది గోడవైపు ఆవిడ. "కళ్ళజోడు తీసి తుడుచుకుని, 'అచ్చు సరిగా పడలేదు' అంది. అచ్చు బాగానే పడింది. నేను తర్వాత చూశాను."

పేపరక్క సూది ఆగిపోయింది. తను కళ్ళజోడు తుడుచుకోవడం ఆమెకే గుర్తు లేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు కిటికీలోంచి ఎండ పేపరు మీద పడటం, కోట్ల తెలుపు, గుడ్డకు పెట్టిన గంజి వాసన, అన్నీ ఒక్కసారిగా వచ్చాయి.

ఏప్రిల్‌లో ఐస్‌లాండులో అగ్నిపర్వతం పేలింది. దాని పేరు ఎవరికీ నోరు తిరగలేదు. "ఎవరో రెండుసార్లు తుమ్మి, మధ్యలో ఎక్కిలి పెట్టినట్టుండేది," అంది కాజాల వదిన. ఆమె అలాగే తుమ్మి, ఎక్కిలి పెట్టి, మళ్ళీ తుమ్మింది. గదంతా ఘొల్లుమంది. బూడిద ఆకాశమంతా కమ్ముకుని విమానాలు ఆగిపోయిన ఆ వారంలోనే వీళ్ళు కుడుతున్న బూడిదరంగు ప్యాంట్లు ఎన్ని కుట్టినా తరగలేదని ఒకావిడ గుర్తుచేసింది. సముద్రంలో చమురు బావి పగిలింది కూడా ఆ నెలలోనే. నల్లటి చమురులో తడిసిన పక్షులను గిన్నెలు తోమే సబ్బుతో ఒక్కొక్కటే కడిగారట. అది చదివిన రోజు ఇంటికి వెళ్ళి గిన్నెలు తోముతుంటే తనకు చేతిలో పక్షి ఉన్నట్టే అనిపించిందని అంతవరకూ మాట్లాడని మనిషి ఒకామె చెప్పింది.

జూన్ వచ్చేసరికి ఎప్పుడు ఎవరి వంతో తెలియకుండా పోయింది.

"టెన్నిసు ఆట! మూడు రోజులు ఒకే ఆట!"

"పదకొండు గంటల అయిదు నిమిషాలు!"

"అంకెలు చూపే బోర్డే చేతులెత్తేసింది!"

"వాళ్ళిళ్ళలో వంట ఎవరు చేశారో!"

"ఫుట్‌బాల్ జోస్యం చెప్పిన ఆక్టోపస్! ఎనిమిదికి ఎనిమిదీ నిజమయ్యాయి!"

"మా మరిది ఎనిమిదికి ఎనిమిదీ తప్పు చెప్పాడు," అంది కాజాల వదిన. "మనిషికి రెండు కాళ్ళే కదా, పాపం."

నవ్వుతున్నారు గానీ చేతులు ఆగడం లేదు. నిజానికి ఈ మూడు రోజుల్లోకెల్లా ఇప్పుడే చకచకా కదులుతున్నాయి. పేపరక్క కూడా నవ్వింది. నవ్వుతూ మూడో కన్నంలోంచి సూది లాగింది, బొత్తాం జారలేదు. ఏడాదంతా తన నోట్లోంచి వెళ్ళినవి ఎక్కడికి పోయాయో ఇప్పుడు తెలుస్తోంది. ఒకరి దగ్గర పక్షులు, ఒకరి దగ్గర పిల్లవాడు, ఒకరి దగ్గర ఆటలు. ఎవరికి పట్టింది వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళి, ఉతికి ఆరేసి, మళ్ళీ తెచ్చారు.

"ఎవరు చదువుతున్నారు?"

తలుపులో సూపర్‌వైజరు. నవ్వులు టక్కున ఆగాయి.

కాజాల వదిన రెండు చేతులూ పైకెత్తి చూపించింది. ఒకదాంట్లో సూది, ఒకదాంట్లో చొక్కా. ఒకరి తర్వాత ఒకరు అందరూ ఎత్తారు.

"ఎవరమూ చదవడం లేదండి. మాట్లాడుకుంటున్నాం. అది వద్దని మీరు చెప్పలేదు."

అతను ఏదో అనబోయాడు. ఈలోగా పెద్దమ్మ, ఎడమవైపు నుంచి వచ్చిన అతని గొంతు వినపడక, తనమానాన తను చెప్పుకుపోతోంది.

"ఆగస్టులో చిలీలో మనవాళ్ళు గనిలో చిక్కుకుపోయారు. ముప్పై ముగ్గురు. పదిహేడు రోజులు బతికున్నారో లేదో కూడా తెలీదు. పైనుంచి సన్నటి కన్నం తొలిచారు. కిందివాళ్ళు ఆ తొలిచే కడ్డీకి చీటీ కట్టి పంపించారు. ఏమని? 'మేం బాగున్నాం. ముప్పై ముగ్గురమూ' అని. బాగున్నారట! అంత లోతులో, ఆ చీకట్లో, పిచ్చి నాయనలు, బాగున్నాం అని రాశారు."

"మేం వాళ్ళను పంచుకున్నామండి," గోడవైపు ఆవిడ సూపర్‌వైజరుకు చెప్పింది, సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు. "పేపర్లో పేర్లు పడ్డ రోజున తలా ఇద్దరు ముగ్గురిని తీసుకున్నాం. ఎవరివాళ్ళ గురించి వాళ్ళు దిగులు పడాలని. అక్టోబరులో పైకి తీశాక అక్క ఒక్కో పేరు చదువుతుంటే, మావాడొచ్చాడు, మావాడొచ్చాడు అని ఒకటే కేకలు. కింది అంతస్తు నుంచి ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు."

"నాకు మేస్త్రీ వచ్చాడు," అంది ఇస్త్రీ అత్త.

అందరూ అటు తిరిగారు. ఇస్త్రీ అత్త రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. గది చివర బల్ల దగ్గర నిలబడి, పెట్టె కాలరు మీద నొక్కి, ఆవిరి వదిలి, ఎత్తి, మాట్లాడింది. మాటకూ మాటకూ మధ్య ఒక కాలరు.

"ఆ పూట పనికి వాళ్ళకు పెద్ద అతనే. గని కూలగానే ఉన్న తిండి లెక్క చూశాడు. రెండు రోజులకు సరిపోయేంత." ఆవిరి. "దాన్ని అందరికీ పంచాడు. రెండు రోజులకోసారి, మనిషికి రెండు చెంచాల చేప. తనకూ అంతే. ముందు అందినవాళ్ళు అందరికీ అందేదాకా ఆగాలి. అందరూ కలిసే తినాలి." ఆవిరి. "పదిహేడు రోజులు."

సూపర్‌వైజరు చెయ్యి తలుపు చెక్క మీద ఉంది.

"పదిహేడు రోజులు అట్లా సరిపెట్టాడా?"

"సరిపెట్టాడు. ఒక్కడు పోలేదు. తర్వాత కన్నంలోంచి తిండి పంపించారు. అరవై తొమ్మిదో రోజున గొట్టంలాంటి దాంట్లో కూర్చోబెట్టి ఒక్కొక్కణ్ణే పైకి లాగారు."

"అతను?"

ఇస్త్రీ అత్త కాలరు తిప్పింది. "బలంగా ఉన్నవాళ్ళు ముందు. జబ్బుగా ఉన్నవాళ్ళు తర్వాత. అలా ఒక్కొక్కళ్ళను పంపిస్తూ, కింద నిలబడ్డాడు."

"అతనెప్పుడొచ్చాడు?"

"చిట్టచివర. ముప్పై రెండుమందీ పైకి వెళ్ళాక."

నడవా చివర సూపర్‌వైజరు గదిలో ఫోను మోగింది. మోగీ మోగీ ఆగింది. మళ్ళీ మోగింది. అతను కదల్లేదు. పేపరక్క అతని ముఖం చూసింది. పద్దెనిమిది రోజులుగా ఈ మనిషి ముఖం ఎవరూ సరిగా చూడలేదని ఆమెకు అప్పుడు తట్టింది. అందరూ గడియారమే చూశారు.

అతను లోపలికి వచ్చాడు. పేపరక్క ముందున్న చొక్కాల దొంతరలోంచి సగానికి పైగా రెండు చేతులతో ఎత్తుకున్నాడు. గది చివర ఇస్త్రీ బల్ల పక్కన ఖాళీ పీట ఉంటే దాని మీద కూర్చున్నాడు.

"ఒకరి వాటా ఇంకొకరు ముట్టుకోకూడదన్నారు కదండీ," అంది కాజాల వదిన. ఊరుకుంటే ఆమె కాజాల వదిన ఎందుకవుతుంది?

"మీకు చెప్పాను," అన్నాడు అతను. "సూపర్‌వైజరు సంగతి ఏమీ చెప్పలేదు. సూది ఇవ్వండి."

ఇచ్చారు. అతను దారం కొస నాలుకతో తడిపి, ఒక్క చూపులో బెజ్జంలో దూర్చి, ఎడమచేతి వేళ్ళ మధ్య బొత్తాం నొక్కి పట్టాడు. పైకి, కిందికి, పైకి, కిందికి. దారాన్ని బొత్తాం కింద మూడు చుట్లు చుట్టి, ముడి వేసి, పళ్ళతో తెంపాడు. పన్నెండుమందీ కళ్ళప్పగించి చూశారు. కాజాల వదిన కూడా.

"మా నాన్న టైలరు," అన్నాడు ఎవరూ అడక్కుండానే. "పదేళ్ళప్పటినుంచే బొత్తాల పని నాది." ఆ తర్వాత, "కానివ్వండి. అక్టోబరు దాకా వచ్చారు," అన్నాడు.

అక్టోబరు చివర ఆక్టోపస్ చనిపోయింది. పెద్దమ్మ ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదని అందరూ సాక్ష్యం చెప్పారు. నవంబరులో, ఏళ్ళ తరబడి సొంత ఇంట్లోనే బందీగా ఉంచిన ఒకావిడను వదిలిపెడితే, గేటు మీదుగా ఎవరో అందించిన పువ్వును ఆమె జడలో పెట్టుకుంది. ఆ సంగతి చదివిన మర్నాడు ఈ గదిలో పువ్వు పెట్టుకోకుండా వచ్చినవాళ్ళు లేరు, పెద్దమ్మతో సహా. డిసెంబరులో మంచు. విమానాశ్రయం. నేలమీద పడుకున్న జనం.

అక్కడ మాట ఆగిపోయింది.

"తర్వాత?" అన్నాడు సూపర్‌వైజరు.

తర్వాతివి ఎవరికీ తెలియవు. అందరూ పేపరక్క వైపు చూశారు. ఆమెకూ తెలియదు. మంగళవారం నుంచి ఆమె పేపరు ముట్టుకోలేదు.

సూపర్‌వైజరుకు మెల్లగా అర్థమైంది. కుడుతున్న బొత్తానికి ముడి వేసేదాకా ఆగి, తల ఎత్తకుండానే అన్నాడు:

"నా బల్ల మీద పేపర్లున్నాయి. నేను విప్పలేదు. అసలు ఈ ఏడాది నాకు ఒక్క పేపరు విప్పే తీరిక చిక్కలేదు." ఇంకో బొత్తాం అందుకుని, "పనిలో పనిగా ఆ ఫోను తీసి, ఇంకో గంటలో లారీ కదులుతుందని చెప్పండి. నేను బొత్తాలు కుడుతున్నానని చెప్పకండి."

పేపరక్క వెళ్ళింది. ఫోను తీసి, లారీ కదులుతుందని చెప్పింది. సూపర్‌వైజరు ఏడని అవతలివాళ్ళు అడిగితే, "కింద ఉన్నారండి. అందరి పనీ అయ్యాక ఆఖర్న వస్తారు," అని పెట్టేసింది. అలా చెబుతానని ఆమె ముందుగా అనుకోలేదు. నడవాలో తిరిగి వస్తూ ఒంటరిగా, పేపర్లు గుండెకు హత్తుకుని, చిన్నపిల్లలా నవ్వుకుంది.

గదిలో ఆమె చోట మిగిలిన చొక్కాలు అప్పటికే నాలుగు దిక్కులకూ చేరాయి. ఎవరు ఏది తీసుకున్నారో అడిగేవాళ్ళు లేరు. ఆమె కిటికీ పక్కన స్టూలు ఎక్కి, మొదటి పేపరు మడత విప్పింది. కొత్త కాగితం ఫెళఫెళలాడింది. గొంతు సవరించుకుంది. ఎందుకో మొదటిరోజు చదివినప్పటంత బెదురుగా ఉంది.

"మంచు తుఫానులో చిక్కుకున్న విమానాలు ఒక్కొక్కటిగా బయల్దేరుతున్నాయి..."

ఇస్త్రీపెట్టె బుస్సుమంది. దాని పక్కనుంచి, చేతిలో సూది ఆగకుండా, సూపర్‌వైజరు అన్నాడు:

"కాస్త గట్టిగా చదవండమ్మా. ఈ మూలకు వినపడటం లేదు."